మంత్రం వచ్చినవాడు వానలో ఎందుకు తడిశాడు?

చిరంజీవులకు,

మీ తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం మొన్ననే అందింది. పెద్దమ్మాయీ, 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నవలలోని ఓజియన్ అనే మాంత్రికుడి గురించి నువ్వు వేసిన ప్రశ్నను నాలుగైదు సార్లు చదివాను. "ఓజియన్‌కు వానను ఆపే మంత్రం వచ్చు కదా తాతయ్యా, మరి చెట్టు కింద తడుస్తూ ఎందుకు పడుకున్నాడు? రచయిత్రి ఆ సంగతి మరిచిపోయారా?" అని అడిగావు. దాని కిందే చిన్న అక్షరాలతో ఇంకో సంగతి రాశావు. బడిలో ఆ నవల మీద రాయమన్నారట. కాగితం మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమవైపు 'బలాలు' అనీ కుడివైపు 'లోపాలు' అనీ పెట్టుకున్నావట. ఎడమవైపు నిండిపోయింది, కుడివైపు ఒక్కటీ తోచడం లేదు. "ఇంత నచ్చిన పుస్తకంలో తప్పులు వెతకడం ద్రోహం కాదా?" అన్నావు.

ముందు వాన సంగతి చూద్దాం. గీత సంగతి తరువాత. ఆ గీత మీద నాకు కొంచెం కోపంగా ఉంది.

చిన్నవాడా, నువ్వు ఇంకా చదవలేదట కాబట్టి నీకోసం రెండు ముక్కలు. పుస్తకం పేరు 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. రాసింది ఉర్సులా కె. లెగ్విన్ అనే అమెరికా రచయిత్రి. 1967లో పార్నసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ వాళ్ళు కాస్త ఎదిగిన పిల్లల కోసం ఏదైనా రాయమని ఆమెను అడిగారు. అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది. కథల్లో మాంత్రికులందరూ నెరిసిన గడ్డాల ముసలివాళ్ళే కదా, ఆ గడ్డాలు మొలవక ముందు వాళ్ళు ఏం చేసేవారు? ఆ విద్య ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఆమె ముందు కూర్చుని సముద్రం నిండా ద్వీపాలున్న ఒక పటం గీశారు. తరువాత కథ రాశారు. 1968లో పుస్తకం వచ్చింది.

అందులో గాంట్ అనే కొండల ద్వీపంలో తల్లిలేని ఒక పిల్లవాడు ఉంటాడు. తండ్రి కంసాలి కాదు, కంచు పని చేసే కంచరి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ అక్క ఉత్తరంలో కంసాలి అని రాసింది. ఏడేళ్ళప్పుడు ఆ పిల్లవాడు తన పెద్దమ్మ ఏదో పదం పలికి ఇంటికప్పు మీదికెక్కిన మేకను దింపడం చూస్తాడు. మరునాడు కొండమీద మేకలు కాస్తూ, అర్థం తెలియకుండానే ఆ పదాలు గట్టిగా అరుస్తాడు. మేకలు వస్తాయి. సరదాపడి మళ్ళీ అరుస్తాడు. ఇంకా దగ్గరికి వస్తాయి. కొమ్ములు, బొచ్చు, పసుపుపచ్చని కళ్ళు, చుట్టూ బిగుసుకుంటాయి. వాటిని వదిలించుకునే పదం అతనికి తెలియదు. భయపడి ఊళ్ళోకి పరుగెడితే మందంతా అతన్ని అంటిపెట్టుకునే పరుగెత్తుతుంది. పిలవడం వచ్చు, పంపడం రాదు. నవల మొత్తం ఈ మేకల మంద లోపలే ఉంది. మళ్ళీ చదివినప్పుడు గమనించు.

ఇక వాన. ఆ పిల్లవాడు, పేరు గెడ్ అనుకుందాం, పదమూడేళ్ళకు ఓజియన్ అనే గురువు వెంట నడిచి వెళుతుంటాడు. వాన మొదలవుతుంది. గాంట్ లాంటి చోట మంత్రగాళ్ళు ఎక్కువ. ఎవరికి వారు తమ నెత్తిమీది మబ్బును పక్కకు నెట్టేస్తుంటారు. పాపం ఆ మబ్బు ఒకరి మంత్రం నుంచి ఇంకొకరి మంత్రానికి తగులుతూ, తూలుతూ, చివరికి సముద్రం మీదికి పోయి అక్కడ ప్రశాంతంగా కురుస్తుంది. ఓజియన్ మాత్రం అలా చేయడు. వానను కురవనిచ్చి, ఒక దట్టమైన చెట్టు చూసుకుని దాని కింద పడుకుంటాడు. గెడ్ పొదల్లో ముడుచుకుని, వాడుకోనప్పుడు శక్తి ఉండి ఏం లాభమని గొణుక్కుంటాడు. పెద్దమ్మాయీ, నువ్వు అడిగిన ప్రశ్నే అది. రచయిత్రి మరిచిపోలేదు. నువ్వు అడుగుతావని ముందే ఊహించి, ఆ పిల్లవాడి చేతే అడిగించి, జవాబు చెప్పకుండా వదిలేశారు. జవాబు తరువాత ముక్కలు ముక్కలుగా వస్తుంది. మాంత్రికుల బడిలో ఒక గురువు అంటాడు, ఇక్కడ కురిపించిన వాన ఇంకో ద్వీపంలో కరవు కావచ్చునని. ఇంకొకాయన గులకరాయిని అరచేతిలో వజ్రంలా మెరిపిస్తాడు. కానీ దాన్ని నిజంగా మార్చాలంటే లోకాన్నే కొంచెం మార్చాలనీ, దీపం వెలిగించిన ప్రతిసారీ ఎక్కడో నీడ పడుతుందనీ హెచ్చరిస్తాడు.

ఊహా నవలలో నేను మొదట చూసేది ఇదే. మంత్రానికి ఖరీదు ఉందా లేదా? లేకపోతే అది కథ కాదు, కోరికల చిట్టా. మాంత్రికుడికి ఆకలేస్తే విందు, శత్రువు వస్తే పిడుగు. పది పేజీల తరువాత మనకు ఆవులింత. ఈ పుస్తకంలో మంత్రంతో చేసిన తిండి ఎంత రుచిగా ఉన్నా ఒక మాటేనట. కడుపును మోసం చేస్తుంది కానీ బలం ఇవ్వదు. గెడ్ ఒకసారి కొట్టుకొచ్చిన చెక్కముక్కలను మాటలతో కలిపి పడవ చేసుకుంటాడు. మనసు కొంచెం చెదిరినా చెక్కలు విడిపోతాయి. ఆ అధ్యాయం చదువుతుంటే నా చేతులే నొప్పి పెట్టాయి.

దీపం మాట వచ్చింది కాబట్టి నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. మీ నాన్న ఈ కథ ఇప్పటికే చాలాసార్లు విన్నాడు. అయినా సరే.

నాకు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. ఒక రాత్రి కరెంటు పోయింది. అమ్మ లాంతరు వెలిగించి నేల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. మా అన్నయ్య ఎదురుగోడ చూపించి, "నీ నీడను నువ్వు పట్టుకో చూద్దాం" అన్నాడు. నేను లాంతరుకూ గోడకూ మధ్య నిలబడ్డాను. గోడమీద నాకంటే పెద్దవాడొకడు నిలబడ్డాడు. నాకు భయం వేసి వెనక్కి అడుగు వేశాను. వాడు పెరిగాడు. ఇంకో అడుగు. వాడి తల కప్పును తాకి, మెడ వంగి, నా మీదికి ఒరిగింది. నేను కెవ్వుమన్నాను. వెనక్కి పోయేకొద్దీ లాంతరుకు దగ్గరవుతున్నానని, అందుకే వాడు పెరుగుతున్నాడని అప్పుడు నాకేం తెలుసు? అన్నయ్య నా వీపు మీద చెయ్యి వేసి గోడవైపు నెట్టాడు. ఒక్కో అడుగుకూ వాడు తగ్గాడు. గోడకు చెయ్యి ఆనించేసరికి నా అరచేతికి సరిగ్గా నా అరచెయ్యంత నీడ తగిలింది. ఆ తోపులాటలో నా కాలు తగిలి లాంతరు చిమ్నీ పగిలింది. తిట్లు అన్నయ్యకు పడ్డాయి. నేను నోరు విప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ ముల్లులా ఉంది. తప్పు చేసి తలవంచుకున్న గెడ్‌ను చదివినప్పుడల్లా నాకు ఆ చిమ్నీ ముక్కలే కనిపిస్తాయి.

గెడ్ కూడా ఒక పందెంలోనే దెబ్బతింటాడు. బడిలో జాస్పర్ అనే వాడు రెచ్చగొడితే, గర్వంతో చేయకూడని మంత్రం చేస్తాడు. చీలిన చీకటిలోంచి ఒక నీడ దూకుతుంది. దాన్ని ఆపడానికి బడికి పెద్ద అయిన మహామాంత్రికుడు ప్రాణమే ఇస్తాడు. తరువాత గెడ్ పారిపోతూనే ఉంటాడు. అతను ఎంత పారిపోతే అది అంత బలుస్తుంది. చిన్నవాడా, ఇక్కడితో ఆపుతున్నాను. ఆపైన ఏమవుతుందో అక్కను అడగవద్దు. అడిగినా ఆమె చెప్పకూడదు.

ఇప్పుడు నీ గీత దగ్గరికి వద్దాం. పెద్దమ్మాయీ, నచ్చిన పుస్తకంలో లోపం కూడా గోడమీద నీడ లాంటిదే. దానినుంచి వెనక్కి జరిగేకొద్దీ పెద్దదవుతుంది. దగ్గరికి వెళితే దాని అసలు కొలత తెలుస్తుంది. దీపం రచయిత్రి, గోడ మనం, మధ్యలో నిలబడింది పుస్తకం. మరి అడుగులు వేసేది ఎవరు? పుస్తకమా, మనమా? ఇక్కడ నా పోలిక కొంచెం తడబడుతోంది. అయినా ఇంత దూరం మోసుకొచ్చాను కాబట్టి ఇప్పుడు దించను.

దగ్గరికి వెళ్ళి చూద్దాం. ఈ పుస్తకంలో అమ్మాయిలు ఏరి? మాంత్రికుల బడిలోకి అబ్బాయిలకే ప్రవేశం. ఆడవాళ్ళ మంత్రం బలహీనమనీ, చెడ్డదనీ గాంట్‌లో ఒక సామెతే ఉంది. పెద్దమ్మ అరకొర చదువుల మంత్రగత్తె. సెరెట్ అనే అందగత్తె వల వేసేది. గెడ్ స్నేహితుడి చెల్లెలు యారో మంచి పిల్ల, చురుకైన ప్రశ్నలు వేస్తుంది, కానీ పడవ కదిలేటప్పుడు ఒడ్డునే ఉండిపోతుంది. ఇది నీకు ఎందుకు తోచలేదో తెలుసా? నువ్వు చదివేటప్పుడు గెడ్ అయిపోయావు. అది పుస్తకం బలం. ఒక్క మనిషి లోపలికి అంత లోతుగా తీసుకెళ్ళింది కాబట్టే చుట్టూ ఎవరు లేరో కనిపించలేదు. పాత వీరగాథల అచ్చులో కథ పోశారు, ఆ అచ్చులో ఆడవాళ్ళకు ఎప్పుడూ చోటు తక్కువే. ఇప్పుడు చెప్పు, దీన్ని నీ గీతకు ఏ పక్కన రాస్తావు?

ఆ లోపాన్ని పాఠకుల కంటే గట్టిగా పట్టించుకున్నది రచయిత్రే. 1990లో, అంటే మొదటి పుస్తకం వచ్చిన 22 ఏళ్ళకు, అదే లోకంలోకి తిరిగి వెళ్ళి 'టెహాను' రాశారు. ఆ కథను టెనార్ అనే నడివయసు స్త్రీ కళ్ళతో చూపించారు. 2001లో వచ్చిన కథల సంపుటిలో, ఆ మగపిల్లల బడిని నిలబెట్టిన వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారని తేల్చారు. పాత పుస్తకాన్ని చెరిపి దిద్దలేదు, దాని పక్కన ఇంకొకటి పెట్టారు.

మిగతావి చిన్నవి. కథ చెప్పే గొంతు దూరంనుంచి, పాత గాథలు చెప్పేవాళ్ళలా వినిపిస్తుంది. ఏళ్ళకు ఏళ్ళు ఒక్క వాక్యంలో గడిచిపోతాయి. జాస్పర్ అంత రగిలించి, తరువాత ఒకటి రెండు మాటల్లో కనుమరుగవుతాడు. నాకు వాడి గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది. రాతికోటలోని మాట్లాడే రాయి అధ్యాయం నాకు ఎప్పుడూ బరువే. నీకు అదే బాగా నచ్చిందని రాశావు. సరే, నీ వయసులో కోటలు బాగుంటాయి. ఈ హీరో బతికి పెద్దవాడై గొప్ప మాంత్రికుడు అవుతాడని మొదటి పేజీలోనే చెప్పేశారని నీ స్నేహితురాలు విసుక్కుందట. నేను దాన్ని లోపం అనను. బతుకుతాడా అన్న ఆత్రం తీసేశారు కాబట్టి, ఎలాంటివాడుగా బతుకుతాడన్న ఆత్రం మిగిలింది.

పొదుపుగా చెప్పడం వల్ల జాస్పర్ నష్టపోయాడు కానీ, ఓటక్‌కు మేలే జరిగింది. గెడ్ భుజం మీద తిరిగే ఆ చిన్న జంతువు ఉంది చూడు. చనిపోతున్న ఒక పసివాడిని వెనక్కి తేవాలని గెడ్ చావు చీకటిలోకి వెళ్ళి, తానే తిరిగి రాలేక కట్టెలా పడి ఉంటాడు. ఓటక్ వచ్చి అతని చేతులు నాకుతుంది. దెబ్బతిన్న తన తోటి జంతువును ఎలా నాకుతుందో అలాగే. అంతే, గెడ్ కళ్ళు తెరుస్తాడు. ఇంత పెద్ద నవలలో ఇంత పెద్ద పని చేసింది ఒక చిన్న నాలుక. దీన్ని ఎలా రాశారో నేను వివరించలేను. ఎన్నిసార్లు చదివినా పట్టుబడలేదు.

ఒక పని చెయ్యి. నీ పుస్తకం అట్టమీద గెడ్ బొమ్మ ఉంటే తీసి చూడు. ఆ తరువాత లోపల అతని ఒంటిరంగు ఏమని రాశారో వెతుకు. రాగివన్నె గోధుమరంగు అని ఉంటుంది. స్నేహితుడు వెచ్ నల్లనివాడు. ఎన్నో ఏళ్ళు ఎన్నో అట్టల మీద వాళ్ళను తెల్లగా చేసి గీశారు, రచయిత్రి దాని మీద చాలాసార్లు మొత్తుకున్నారు. నీ అట్ట ఏం చెబుతోందో నాకు రాయి.

రెండో పని, ఇద్దరూ కలిసి చేయండి. రాత్రి గదిలో లైట్లు ఆపి, గోడకు పదడుగుల దూరంలో బల్ల మీద చిన్న లైటు ఒక్కటి పెట్టండి. లైటుకు రెండడుగుల దూరంలో చెయ్యి చాపితే గోడమీద అయిదింతల చెయ్యి కనిపిస్తుంది. అయిదడుగుల దగ్గర రెండింతలు. అక్కడినుంచి గోడవైపు నెమ్మదిగా నడవండి. చిన్నవాడికి భయం వేస్తే అక్క వీపు మీద చెయ్యి వేయాలి, నెట్టకూడదు. లైటు తీగ కాలికి తగలకుండా చూసుకోండి.

ఆ కాగితం మీది గీతను మాత్రం చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి రాసి నాకు పంపు.

మీ తాతయ్య