పాత సినిమా మంచి డిస్క్‌గా ఎందుకు రాదు? అపోహలు – వాస్తవాలు

కర్నూలులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల నుంచి నేను ఈ పనిలోనే ఉన్నాను. ఇప్పుడు పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చడం, చిన్న ఫిల్మ్ రీళ్లను శుభ్రం చేసి అతుకులు సరిచేయడం మా షాపు పని. పెళ్లి క్యాసెట్టు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా పోతూ పోతూ అడుగుతారు: "అన్నా, బంగారు పాప మంచి ప్రింటు యాడన్నా దొరుకుతాదా?"

అడగడంలో వింత లేదు. ‘బంగారు పాప’ తీసిన బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల దగ్గర కొత్తపల్లి, ‘యోగి వేమన’ తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. మా సీమలో ఆ పేర్ల మీద మమకారం ఎక్కువ. ‘మాయాబజార్’, ‘మల్లీశ్వరి’ ఏదో ఒక రూపంలో అందరికీ అందాయి. ‘యోగి వేమన’ (1947), ‘బంగారు పాప’ (1955), బి.ఎస్.నారాయణ గారి ‘నిమజ్జనం’ (1979) లాంటివి బొమ్మ, మాట రెండూ స్పష్టంగా ఉన్న డిస్క్ మీద చూడాలని కోరుకునేవాళ్లు మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ ఎదురుచూపులో వాళ్లు నమ్ముతున్న కొన్ని మాటలు నిజం కావు. అలా నమ్మడం వల్ల సినిమాకే నష్టం జరుగుతోంది కాబట్టి రాస్తున్నాను.

అపోహ: యూట్యూబ్‌లో ఉందంటే నెగెటివ్ (కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము) ఎక్కడో భద్రంగా ఉన్నట్టే.

అక్కడ కనిపించే నలుపు తెలుపు సినిమాల్లో చాలా భాగం క్యాసెట్ల కాలంలోనో, వీసీడీల కాలంలోనో టేపు మీదకు ఎక్కించినవి. ఆ టేపు కూడా చాలాసార్లు నెగెటివ్ నుంచి కాదు, ఊళ్లు తిరిగి అరిగిపోయిన ప్రింటు నుంచి తీసిందే. మీరే పోల్చుకోవచ్చు. రీలు మారేచోట తెర కుడివైపు పై మూలలో గుండ్రటి చుక్క మెరుస్తుంది. దానికి కాస్త ముందూ వెనకా నిలువు గీతలు వానలా పడతాయి, ఒక మాట సగంలో ఎగిరిపోతుంది. ఫిల్ము తెగినప్పుడల్లా ఆపరేటర్ రెండు మూడు ఫ్రేములు కోసి అతికించేవాడు. ఎక్కువగా తెగేది రీలు మొదట్లో, చివర్లో. అందుకే అక్కడే మాటలు పోతాయి.

ఇంకో గుర్తు, బొమ్మ ఆకారం. 1950ల సినిమా తెర దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోసేస్తే కిరీటాలు పోతాయి, పక్కలకు సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. అలాంటి వీడియో ఉన్నంత మాత్రాన అసలు నెగెటివ్ ఉందని గానీ, పోయిందని గానీ చెప్పలేం. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కాపీ ఈనాటికీ దొరకలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పాత ప్రింట్లను వెండి తీయడానికి కరిగించేశారు, ఆ సెల్యులాయిడ్‌తో గాజులు కూడా చేశారు.

అపోహ: ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఏ వీసీడీనైనా 4కే చేసేయొచ్చు.

ఈ మాట వారానికోసారైనా వింటాను. కుర్రాళ్లు ఎంతో ప్రేమతో చేస్తున్నారు, వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. కానీ లెక్క చూడండి. వీసీడీలో ఒక్కో ఫ్రేముకు 352 × 288 చుక్కలు, అంటే లక్షకు కాస్త పైన. బ్లూరేలో 1920 × 1080, అంటే 20 లక్షల 70 వేల పైచిలుకు. లక్ష నుంచి ఇరవై లక్షలు కావాలంటే తక్కిన పందొమ్మిది లక్షలూ యంత్రం ఊహించి పెట్టాల్సిందే. 4కే అంటే ఆ ఊహ ఇంకో నాలుగు రెట్లు.

నమ్మకం కుదరకపోతే అలా చేసిన వీడియోను టైటిల్స్ దగ్గర ఆపి చూడండి. ఒత్తులు ఉన్నచోట అక్షరాలు ఏ భాషకూ చెందని గీతలైపోయి ఉంటాయి. అక్షరం తప్పితే మనకు వెంటనే తెలిసిపోతుంది. ముఖం తప్పితే అంత తేలిగ్గా తెలియదు. ‘బంగారు పాప’లో ఎస్.వి.రంగారావు గారి కనుబొమ కింద నీడ, పెదవి చివర చిన్న కదలిక, ఇవన్నీ ఆ లక్ష చుక్కల్లో అసలు లేనే లేవు. యంత్రం అక్కడ ఇంకెవరి చర్మమో తెచ్చి నున్నగా పూస్తుంది. మనం చూసేది ఆయన నటన కాదు.

అసలు రిస్టోరేషన్, అంటే పాత సినిమాను బాగుచేసే పని, ఫిల్ముతో మొదలవుతుంది. నెగెటివ్‌నో, అది లేకపోతే దాని నుంచి తీసిన డూప్ నెగెటివ్‌నో, మంచి ప్రింటునో కడిగి, చిరిగిన రంధ్రాలు సరిచేసి, ఒక్కో ఫ్రేమూ స్కాన్ చేస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల సినిమాకు 2,16,000. దుమ్ము, గీతలు, మినుకుమినుకుమనే వెలుగు తీసేయడానికి ఇప్పుడు ఏఐ పరికరాలు నిజంగానే సాయపడుతున్నాయి. స్కాన్ బాగుంటే అవి బాగా పనిచేస్తాయి. అయినా ఒక మనిషి కూర్చుని చూడాలి. లేకపోతే మెరిసే ముక్కుపుడకను కూడా దుమ్మనుకుని తీసేస్తాయి.

కాలిన నెగెటివ్ కూడా మంచి వీడియో టేపు కంటే విలువైనదే. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్ ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలాయి. మిగిలిన ముక్కలను పారేయకుండా అమెరికాలో ఆస్కార్లు ఇచ్చే అకాడెమీ వారి ఆర్కైవ్ దాచింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో వాటికి మళ్లీ తేమ పట్టించి, ఫ్రేములు విడదీసి స్కాన్ చేశారు. పనికిరాని చోట్ల వేరే డూప్‌లు, ప్రింట్లు వాడారు. 2015లో క్రైటీరియన్ అనే డిస్కుల సంస్థ బ్లూరే వేసింది. ఆ రోజు ఎవరో ఒకరు ఆ డబ్బాలు చెత్తలో వేసి ఉంటే ఆ బ్లూరే లేదు.

అపోహ: కలర్ చేయడం అంటే రిస్టోర్ చేయడమే.

కాదు. 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి విడుదల చేసినప్పుడు జనం సంతోషంగా చూశారు, నేనూ చూశాను. రంగు వేయడం వేరే పని. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారు నలుపు తెలుపు కోసం వెలుగు పెట్టారు, ఆ నలుపు తెలుపు శుభ్రంగా దొరకడమే నాకు ముఖ్యం.

అపోహ: 60 ఏళ్లు దాటిన సినిమా ఎవరిదీ కాదు, ఎవరైనా డీవీడీ వేసుకోవచ్చు.

సగం నిజం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు. 1955లో వచ్చిన ‘బంగారు పాప’కు 2015 చివరితో, 1957 నాటి ‘మాయాబజార్’కు 2017 చివరితో ఆ గడువు తీరింది. కానీ కథ, మాటలు, పాటలు, సంగీతం మీద హక్కు వేరే లెక్క. రాసినవారు ఉన్నంతకాలం, వారు పోయాక మరో 60 ఏళ్లు. ‘మల్లీశ్వరి’కి మాటలు, పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు, అంటే ఆయన సాహిత్యం లెక్క 2040 దాకా నడుస్తుంది. అది ఒప్పందం ప్రకారం నిర్మాతకు చేరిందా, కుటుంబానికి ఉందా అన్నది కాగితం చూస్తే గానీ తేలదు. ఆ కాగితమే చాలా సినిమాలకు దొరకదు.

ఇక గడువు తీరని సినిమాల తంటాలు వేరు. 1960లు, 70ల ఒప్పందాల్లో వీడియో అన్న మాటే లేదు. తర్వాత నెగెటివ్ రైట్స్ ఒకరికి, శాటిలైట్ (టీవీ) హక్కు ఇంకొకరికి, వీడియో మరొకరికి అమ్మారు. కొన్న కంపెనీ మూతపడింది, నిర్మాత పిల్లలు వాటాలు పంచుకున్నారు. డిస్క్ వేద్దామని ముందుకొచ్చినవాడికి ఎవరి సంతకం తీసుకోవాలో తెలియదు. సంతకం లేకుండా లక్షలు పెట్టలేడు. "నిర్మాత కుటుంబం స్వార్థంతో ఆపేసింది" అని తిట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చాలాచోట్ల ఆ కుటుంబానికి కూడా తమ దగ్గర ఏ హక్కు మిగిలిందో తెలియదు.

హక్కు తీరిపోయినంత మాత్రాన ఫిల్ము మన చేతికి రాదని కూడా గమనించాలి. నెగెటివ్ డబ్బా ఎవరి గోడౌన్‌లో ఉందో వాళ్లు ఇష్టపడి ఇవ్వాలి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఫిల్ములు దాస్తోంది, 2022లో అది జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిసింది. అక్కడ కాపీ ఉన్నా, హక్కుదారు ఉన్న సినిమాను ఆయన అనుమతి లేకుండా డిస్క్‌గా అమ్మడం కుదరదు.

అపోహ: కొనేవాళ్లు లేరు, అందుకే రావట్లేదు.

కొనేవాళ్లు ఉన్నారు, నా షాపుకే వస్తారు. ధర దగ్గరే తేడా వస్తుంది. మోజర్ బేర్ కంపెనీ వచ్చి వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం, పల్లెల్లో కూడా డిస్కులు అమ్ముడయ్యాయి. ఆ ధరలో స్కానింగ్ ఖర్చుకు చోటు లేదు, ఉన్న టేపునే డిస్క్ మీదకు ఎక్కించారు. జనానికి పాత సినిమా అంటే ముప్పై రూపాయల వస్తువన్న అలవాటు పడింది. విదేశాల్లో మరుగునపడిన సినిమాలు బయటికొస్తున్నది వెయ్యి, రెండు వేల మంది పూర్తి ధర పెట్టి ముందే కొనడం వల్ల. మనవాళ్లూ అలా కొంటారని నా నమ్మకం. ఎవరైనా మంచి స్కాన్‌తో డిస్క్ వేస్తే బేరమాడకుండా కొనండి, కాపీ తీసి పంచకండి.

అపోహ: పాత క్యాసెట్లు, పల్లెల్లో మిగిలిన 16 ఎం.ఎం. రీళ్లు చెత్త.

ఇది వింటేనే నాకు టెన్షన్. ‘మెట్రోపోలిస్’ అనే 1927 నాటి జర్మన్ సినిమాలో పోయిందనుకున్న భాగాలు 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఏర్స్‌లో దొరికాయి. దొరికింది గీతలు నిండిన 16 ఎం.ఎం. డూప్ నెగెటివ్. దాంతోనే 2010లో దాదాపు పూర్తి సినిమా జనం చూశారు. మన టూరింగ్ టాకీసుల్లోనూ 16 ఎం.ఎం. ప్రింట్లు తిరిగాయి. సీడెడ్‌లో (సినిమావాళ్లు రాయలసీమను పిలిచే పేరు) డేరా హాళ్లు నడిపినవాళ్ల ఇళ్లల్లో, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ వైపు పాత మిద్దెల అటకల మీద ఏముందో ఎవరూ వెతికి చూడలేదు. వీహెచ్ఎస్ క్యాసెట్టుదీ అదే విలువ. బొమ్మ పనికిరాకపోయినా, తర్వాత కోసేసిన పాట అందులో ఉండొచ్చు. ఏ సీను తర్వాత ఏది రావాలో రిస్టోర్ చేసేవాళ్లకు అదే చెబుతుంది.

దొరికిన రీలును బాగుచేద్దామని చెడగొట్టేవాళ్లే ఎక్కువ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలులోకి వచ్చింది. నీళ్లు తీశాక పాతబస్తీ నుంచి బురద పట్టిన క్యాసెట్లు సంచుల్లో తెచ్చారు. ఎండలో ఆరబెట్టి తెచ్చినవాటిలో బురద గట్టిపడి టేపు పొరలు అంటుకుపోయాయి. తడిగానే తెచ్చినవాటిని శుభ్రమైన చల్లటి నీళ్లలో కడిగి నీడన ఆరబెడితే చాలావరకు పలికాయి. ఫిల్ము తడిస్తే ఇంకా జాగ్రత్త, ఆరనివ్వకుండా చల్లటి నీళ్లలోనే ఉంచి తెలిసినవాళ్లకు చేర్చాలి.

డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందంటే అసిటేట్ అనే రకం ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. ఇంకా చావలేదు. వేడి, తేమ దాన్ని ఉరికిస్తాయి, 42 డిగ్రీలు దాటే మా ఎండల్లో రేకుల కింద ఉంచితే త్వరగా పోతుంది. మంచి రీళ్ల నుంచి వేరుచేసి, ప్లాస్టిక్ సంచిలో బిగించకుండా, గాలి ఆడే చల్లని గదిలో పెట్టండి. ప్రొజెక్టర్‌లో వేసి చూడకండి. ముడుచుకున్న ఫిల్ము పళ్లచక్రం మీద చిరిగిపోతుంది. కిరోసిన్, స్పిరిట్ వేసి తుడవకండి. డబ్బా మీద చీటీ, లోపల సెన్సార్ సర్టిఫికెట్ కాగితం ఉంటే ఫొటో తీసి అక్కడే ఉంచండి.

తర్వాత రీలు చివర ఒక మూర విప్పి, వెలుతురుకు పట్టి అంచు చదవండి. ‘సేఫ్టీ’ అని ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా భయం లేదు. ‘నైట్రేట్’ అని ఉన్నా, 1951కి ముందుదని అనుమానం వచ్చినా, జిగటగా గోధుమరంగు పొడి రాలుతున్నా అది తేలిగ్గా అంటుకునే ఫిల్ము, ఒకసారి అంటుకుంటే నీళ్లతో ఆరదు. 2003 జనవరిలో పుణెలో కాలిపోయింది అలాంటి ఫిల్ములు దాచిన గదే. దాన్ని ఇంట్లో ఉంచకండి, బస్సులో, రైల్లో, కొరియర్‌లో పంపకండి. మనుషులు లేని, ఎండ తగలని చోట పెట్టి ముందు పుణె ఆర్కైవ్‌కు ఫొటోలతో రాయండి. ఎలా తీసుకెళ్లాలో వాళ్లే చెబుతారు.