బడి ఎక్కడో కొలువు అక్కడే

తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్ మూలవేతనం ఆదిలాబాద్‌లోనైనా ఖమ్మంలోనైనా ఒకటే. ఇంటి అద్దె భత్యంలోనే తేడా. కటాఫ్ మాత్రం జిల్లాకో రకం. అందుకే హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర ఇద్దరు కలిస్తే ముందు వచ్చే ప్రశ్న, "మీది ఏ జిల్లా?"

స్థానికులకే కొలువులనే ఈ లెక్క నిజాం కాలం నాటిది. 1919 ఫర్మానా ప్రకారం ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే 15 ఏళ్లు ఇక్కడే ఉండాలి. అది రుజువు చేసే సర్టిఫికెట్లలో దొంగవి ఎక్కువైపోయి 1952లో హైదరాబాద్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు, కాల్పుల దాకా వెళ్లింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ నేతలు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం నిలవలేదు. 1969లో పాల్వంచ థర్మల్ కేంద్రం నుంచి మళ్లీ నిప్పు రాజుకుంది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనేసరికి ఈసారి కోస్తాలో ప్రత్యేక ఆంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది.

చివరికి ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. జిల్లాలను కలిపి ఆరు జోన్లు, జిల్లా పోస్టుల్లో 80 శాతం స్థానికులకే. అసలు మార్పు ఇంకోటుంది. ప్రధానంగా చూసేది ఎక్కడ ఉన్నావని కాదు, ఎక్కడ చదివావని. తహసీల్దారు కాగితం కన్నా బడి రిజిస్టరును మార్చడం కష్టం కదా!

కానీ సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, భారీ ప్రాజెక్టులు ఈ లెక్కలోకి రాలేదు. కొలువులు ఎక్కువున్న హైదరాబాద్‌లోనే పెద్ద సందు మిగిలిపోయింది. ఉల్లంఘనలు సరిదిద్దమని 1985లో 610 జీవో ఇచ్చారు, అమలు నత్తనడకే. నగర పోలీసు ఉద్యోగాలకు హైదరాబాద్ ఫ్రీ జోన్, అంటే స్థానిక కోటా లేదని 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. మరుసటి నెలలోనే కేసీఆర్ దీక్ష.

రాష్ట్రం వచ్చాక తగువు ఇంట్లోకే వచ్చింది. 2018 ఉత్తర్వులతో ఏడు జోన్లు, 95 శాతం స్థానిక కోటా. 2021లో 317 జీవోతో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచితే భార్య ఒకచోట, భర్త ఇంకోచోట పడ్డ టీచర్లు ధర్నాలు చేశారు.

ఇప్పుడు చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివావని. ఇంగ్లిష్ మీడియం కోసం పిల్లవాణ్ని చిన్నప్పుడే హైదరాబాద్ హాస్టల్లో వేసిన నారాయణపేట రైతు కొడుకు, సొంత జిల్లాలో నాన్‌లోకల్.