మాత్ర పనిచేయలేదని తేల్చే ముందు

పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే ఒక ఆవిడ, నాకు వరసకు పిన్ని, "నెల దాటిపోనాది బాబూ, బిళ్ళలేస్తన్నాను గాని ఏటీ తేడా నేదు" అంటూ తన చేతిసంచి నా ముందు బోర్లించింది. జీడి చమురు అంటి నల్లబడిన వేళ్ళతో ఆమె ఏరి చూపించినవి రెండు షీట్లు. డిప్రెషన్‌కు రాసిన ఎస్సిటాలోప్రామ్ షీటులో పదింటికి ఏడు మాత్రలు అలాగే ఉన్నాయి. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే చిన్నబిళ్ళ క్లోనజెపామ్ షీటు ఖాళీ. చిన్నబిళ్ళ వేసుకుంటే నిద్ర పడుతోందని, పెద్దది వేసుకుంటే కడుపులో తిప్పడం తప్ప ఏమీ లేదని, అందుకే దాన్ని మానేసి చిన్నదాన్ని మాత్రం కొనుక్కుంటున్నానని చెప్పింది.

ఇందులో ఆమెను తప్పుపట్టవలసింది ఏమీ లేదు. క్లోనజెపామ్ గంట తిరగకుండా ఆందోళనను తగ్గించి నిద్రపుచ్చుతుంది కనుక, గుణం కనబడిన మాత్రే అసలు మందు అని ఎవరైనా అనుకుంటారు. కానీ డిప్రెషన్‌ను తగ్గించేది అది కాదు, పైగా నెలల తరబడి వాడితే అలవాటుపడే ప్రమాదం దానితోనే ఉంది. పనిచేయవలసినది ఆమె పక్కన పెట్టిన మాత్ర. అది లోపలికి వెళ్లిన కొన్ని గంటల్లోనే నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతుంది, అయినా మనసు తేరుకోవడానికి వారాలు పడుతుంది. సెరటోనిన్‌ను విడుదల చేసే కణాల మీద ఆ విడుదలను అదుపుచేసే గ్రాహకాలు ఉంటాయి; మందు వల్ల సెరటోనిన్ పెరగగానే అవి విడుదలకు కళ్ళెం వేస్తాయని, రోజులు గడిచేకొద్దీ వాటి పట్టు సడలుతుందని, ఆ పైన నాడీకణాల మధ్య కొత్త సంబంధాలు అల్లుకోవాలని శాస్త్రజ్ఞులు వివరిస్తారు. సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్ వస్తుందన్న పాత మాట ఇప్పుడు అంత సూటిగా నిలబడటం లేదు గాని, ఈ ఆలస్యం మాత్రం వైద్యులందరికీ అనుభవంలో ఉన్నదే. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార కాలువకు నీళ్ళు వదిలిన పూటే శివారు పొలం తడవదని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కడుపులో తిప్పడం, తలనొప్పి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే వచ్చి, చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. కష్టం ముందు, ఫలితం తర్వాత అన్న ఈ వరసను చీటీ రాసేటప్పుడే చెప్పకపోతే, సగంలో మానేసేవారిని మనం నిందించలేము.

అందుచేత మందు పనిచేయడం లేదని అనిపించినప్పుడు మొదట అడగవలసినది, సరైన మోతాదులో, రోజూ తప్పకుండా, నాలుగు నుంచి ఆరు వారాలు అది ఒంట్లోకి వెళ్లిందా అని. రెండు మూడు వారాలు శ్రద్ధగా వాడినా నిద్రలో, ఆకలిలో, మాటలో వీసమెత్తు మార్పు కూడా లేకపోతే ఆరు వారాలూ ఊరికే ఎదురుచూడక్కరలేదు, డాక్టరుకు చెప్పవలసిందే. అన్నీ సరిగా చేసినా మొదటి మందు తప్పిపోవడం అరుదేమీ కాదు. అమెరికాలో 2001లో మొదలై సుమారు 4,000 మందిని చేర్చుకున్న స్టార్‌-డి అనే పెద్ద అధ్యయనంలో, సిటాలోప్రామ్ అనే మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా పోయినవారు మూడో వంతుకు మించలేదు. అంటే మొదటి మాత్ర పనిచేయని మనిషి మొండి మనిషీ కాదు, దురదృష్టవంతుడూ కాదు, ఎక్కువమందిలో ఒకడు.

అప్పుడు రోగనిర్ధారణను మళ్ళీ మొదటినుంచి చూడాలి. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా నీరసం, నిరాసక్తత డిప్రెషన్ వేషంలోనే వస్తాయి. రోజూ సాయంత్రం మద్యం తాగే మనిషికి ఏ మాత్రా సరిగా పనిచేయదు. గతంలో ఎప్పుడైనా కొన్నాళ్ళపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, పట్టలేని హుషారుతో, అడ్డూఅదుపూ లేని ఖర్చుతో గడిపిన రోజులుంటే అది హుషారు, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. అటువంటివారికి ఈ మందు ఒక్కటే ఇస్తే మనసును ఆ పట్టలేని హుషారు వైపు ఎగదోసే ప్రమాదం ఉంది కనుక, ఆ సంగతి ఇంటివారైనా డాక్టరుకు చెప్పాలి.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం గురించి వేరుగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు చూడని బంధువర్గం అరుదు. ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. ఏది దేనివల్లో విడదీయడం అనుభవజ్ఞులకే కష్టం. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, డయాలసిస్ దశకు ఇంకా చేరని 201 మంది కిడ్నీ రోగులకు 12 వారాలు ఇదే తరహా మందైన సెర్ట్రలిన్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇస్తే, డిప్రెషన్ తగ్గడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, వికారం, విరేచనాలు మాత్రం మందు వేసుకున్నవారిలో ఎక్కువయ్యాయి. దీన్ని బట్టి కిడ్నీ రోగులకు మందే వద్దని అనలేము గాని, పనిచేయని మాత్రను ఏళ్ళ తరబడి సాగదీయకూడదని, మోతాదు నిర్ణయించేముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలని గట్టిగా అనవచ్చు. ఒళ్ళునొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫినాక్ వంటి మాత్రలు కిడ్నీలకు ఎలాగూ చేటే. వాటిని ఈ మందులతో కలిపితే కడుపులో రక్తస్రావమయ్యే అవకాశం కూడా పెరుగుతుంది.

ఇన్ని చూశాక కూడా మాత్ర తప్పిందనే తేలితే, దారులు చాలానే ఉన్నాయి. మోతాదు పెంచవచ్చు, వేరే రకానికి మారవచ్చు, లిథియం వంటి రెండో మందును జతచేయవచ్చు. మాటల చికిత్సను మనవాళ్ళు కబుర్లుగా తీసిపారేస్తారు, అది నాకు బాధ కలిగించే సంగతి. బ్రిటన్‌లో మందుతో కోలుకోని 469 మందిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యంతోనే ఉన్నవారిలో ఆరు నెలలకు 22 శాతం మందికి లక్షణాలు సగానికి తగ్గితే, దానికి సీబీటీ అనే మాటల చికిత్స తోడైనవారిలో 46 శాతం మందికి తగ్గాయి. తిండి మానేసి మంచాన పడిన స్థితిలో కరెంటు చికిత్స ప్రాణం నిలపగలదు. మత్తు ఇవ్వకుండా దాన్ని చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

చేయకూడనిది ఒకటే, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేయడం. కొన్ని వారాలు వాడాక హఠాత్తుగా ఆపితే కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు వస్తాయి. ఇక చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వారికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, రివ్యూ తేదీ దాకా ఆగకూడదు; అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

పిన్నితో నేనూ ఆసుపత్రికి వెళ్లాను. రెండు షీట్లూ బల్లమీద పెట్టి, ఏది ఎన్ని వేసుకుందో ఆమెచేతే చెప్పించాను. డాక్టరు కోప్పడలేదు. పెద్ద మాత్రను సగం నుంచి మొదలుపెట్టి అన్నం తిన్నాక వేసుకోమన్నారు, చిన్నదాన్ని మెల్లగా తగ్గిస్తూ మాన్పించే లెక్క చీటీ వెనుక రాసిచ్చారు, థైరాయిడ్ పరీక్ష రాశారు. ఇప్పటికి మూడు వారాలైంది. తనకు తేడా తెలియడం లేదనే పిన్ని అంటోంది. నిన్న కూరలో ఉప్పు చాలలేదని కసిరిందని మాత్రం కోడలు ఫోన్‌లో చెప్పింది. చాలా నెలలుగా అత్తగారు కంచంలో ఏముందో కూడా చూడలేదట.