డబ్బా మీది నలభై

ఆముదం గిన్నెలో నీళ్లు పోస్తే నీళ్లు అడుగుకు దిగుతాయి, ఆముదం పైకి తేలుతుంది. అంటే నీటికన్నా అదే తేలిక. కానీ గిన్నె వంచి చూడండి: నీళ్లు జలజలా కారిపోతాయి, ఆముదం బద్ధకంగా సాగుతూ దిగుతుంది. బరువు వేరు, చిక్కదనం వేరు. ఇంజిన్ ఆయిల్ డబ్బాల మీది 30, 40, 50 అంకెలను ఇంగ్లిషువాళ్లు ‘వెయిట్’ అనడంతో అది బరువేనన్న పొరపాటు పాతుకుపోయింది. నిజానికి అవి చిక్కదనానికి, శాస్త్రం మాటల్లో స్నిగ్ధతకు, అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం 1911లో మొదలుపెట్టిన వర్గీకరణలో తరగతులు.

40 అన్న అంకె వేడెక్కిన ఆయిలు గురించి చెబుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత 12.5కు తగ్గకూడదు, 16.3 సెంటీస్టోకులకు చేరకూడదు; సెంటీస్టోకు అంటే స్నిగ్ధతను కొలిచే ప్రమాణం. గది వేడిమిలో మంచినీటి స్నిగ్ధత సుమారు 1. అదే ఆయిలు 40 డిగ్రీల దగ్గర దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. అందుకే డబ్బా మూత తీసి, వేళ్ల మధ్య రుద్ది ‘బాగా చిక్కగా ఉంది’ అనుకోవడం వల్ల తెలిసేది దాదాపు ఏమీ లేదు.

మరి కొన్ని డబ్బాల మీద కనిపించే 15డబ్ల్యూ-40లో ముందున్న 15? డబ్ల్యూ అంటే శీతకాలం. ఆ తరగతి ఆయిలుతో ఇంజిన్ తిరగగలదా అని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. విశాఖ చేపల రేవుకు ఆ చలి ఎన్నడూ రాదు. ఇక్కడి మరపడవకు అసలు లెక్క రెండో అంకెదే. తయారీదారు ఒప్పుకుంటే ముందు డబ్ల్యూ అంకె లేని ఒంటి తరగతి 40 ఆయిలుతోనూ డీజిల్ ఇంజిన్ హాయిగా నడుస్తుంది.

అయితే లారీకి సరిపోయింది పడవకూ సరిపోతుందని అనుకోకూడదు. లారీకి పల్లం దొరుకుతుంది, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పడవ పొట్టలో బిగించిన ఇంజిన్‌కు సముద్రమంతా ఎత్తే. గంటల తరబడి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే లెక్క. పైగా కొన్ని ఇంజిన్లను నేరుగా ఉప్పునీటితో చల్లబరుస్తారు. వేడి మితిమీరితే నీటిదారుల్లో ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వాటిని కావాలనే చల్లగా, 60 డిగ్రీల ప్రాంతంలో నడుపుతారు. అప్పుడు ఆయిల్లో చేరిన తేమ, కాలని ఇంధనం ఆవిరై పోవు. చిక్కదనం ఒక్కటే చూసి ఆయిలు ఎంచుకోకూడదనడానికి, ఇంజిన్ వెంట వచ్చిన పుస్తకం తెరిచి చూడమనడానికి కారణం ఇదే.

‘ఎందుకైనా మంచిది, ఇంకాస్త చిక్కనిది పోద్దాం’ అనే జాగ్రత్త నాకు సుతరామూ నచ్చదు. బండి ఇరుసుకు కందెన పట్టించినట్టు కాదిది. బేరింగుకూ తిరిగే షాఫ్టుకూ మధ్య నిలిచే ఆయిలు పొర వెంట్రుక కన్నా సన్నం; ఆ సందులోకి ఆయిలు ఎడతెగకుండా ప్రవహించాలి, వేడిని మోసుకుపోవాలి. చిక్కని ఆయిలు పోస్తే ప్రెషర్ మీటరు ముల్లు పైకి లేస్తుంది, చూసినవారికి ధైర్యం వస్తుంది. కానీ ఆ ముల్లు చూపేది ప్రవాహాన్ని కాదు, ఆయిలు ఎంత మొరాయిస్తోందో. ఒత్తిడి హద్దు దాటగానే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, బేరింగులకు చేరవలసిన ఆయిలు కొంత దారి మళ్లుతుంది. మీటరు మెచ్చుకుంటుండగానే బేరింగులకు దాహం. పల్చనైతే కథ తిరగబడుతుంది: పొర తెగి లోహం లోహాన్ని రాస్తుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆయిలు మార్చవలసింది పడవను కట్టేసే ముందు, మళ్లీ బయలుదేరే ముందు కాదు. వాడిన ఆయిల్లో ఆమ్లాలు చేరి ఉంటాయి. కదలని ఇంజిన్‌లో ఆ రెండు నెలలూ అవి బేరింగులను తింటూ కూర్చుంటాయి.

ఎప్పుడైనా కొలపుల్ల తీసి చూసినప్పుడు ఆయిలు మజ్జిగ రంగులో కనిపిస్తే తరగతుల చర్చ ఆపేయండి. అందులో నీరు కలిసింది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ముందు ఆయిల్ కూలర్ గొట్టాలు, ఇంజిన్ తలభాగం కింద బిగించే హెడ్ గాస్కెట్ చూడాలి. పొగగొట్టం దారిన సముద్రం వెనక్కి వచ్చిందేమో అదీ చూడాలి.