సగం యాంప్యూల్‌కి సాక్షి ఎవరు?

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇద్దరు స్టాఫ్ నర్సులకి ఇచ్చిన మెమోలు మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. నిరుడు ఇలాంటి గొడవే మొదలై నాలుగు రోజుల్లో సద్దుమణిగింది. ఈసారి అలా సద్దుమణిగేట్టు లేదు. మెమోలో ఉన్నది చిన్న విషయమే. రాత్రి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇంజెక్షన్ ఇచ్చాక మిగిలిన మందు పారబోశామని రిజిస్టర్‌లో రాశారు. సాక్షి గడిలో సంతకం చేసిన సిస్టర్ మాత్రం డ్యూటీ లిస్టు ప్రకారం ఆ టైముకి పై ఫ్లోర్‌లో ఉంది. మందు మాయమైందని ఎవరూ అనలేదు. స్టాకు సరిపోయింది, స్టోర్‌కి తిరిగి వెళ్ళిన ఖాళీ యాంప్యూల్స్ (మందుండే చిన్న గాజు గొట్టాలు) లెక్కా సరిపోయింది. తేడా వచ్చింది సంతకం దగ్గరే.

ఈ సంతకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఎవరిది తప్పో తేల్చడం కష్టం. మత్తుమందుల చట్టం ఎందుకు తెచ్చారన్నది అందరికీ తెలిసిన కథే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ముందు ఆ మిగులు సంగతి. మన దగ్గర ఎక్కువగా వాడే ఫెంటనిల్ యాంప్యూల్ 2 ఎంఎల్. అందులో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. పది కిలోల బిడ్డకి కిలోకి ఒక మైక్రోగ్రాము చొప్పున ఇస్తే అయ్యేది 10. తక్కిన 90 సిరంజిలోనే ఉండిపోతుంది. గాజు మెడ విరిచిన యాంప్యూల్‌ని మళ్ళీ మూసి దాచలేం. అలాగని ఆ మిగులు ఇంకో పేషెంటుకి ఎక్కించకూడదు. పారబోయాల్సిందే. పారబోసింది నీళ్ళలా ఉంటుంది, సెలైన్‌కీ దానికీ కంటికి తేడా తెలియదు. అందుకే పక్కన ఇంకొకరు నిలబడి చూడాలన్న పద్ధతి పుట్టింది.

మన ఆస్పత్రులకి ఆ పద్ధతి అలవాటు లేదు. 1985 నాటి ఆ మత్తుమందుల చట్టం నేర్పింది వేరే అలవాటు, యాంప్యూల్ లెక్కపెట్టడం. ఆ చట్టంలో చాలా నేరాలకి కనీస శిక్ష పదేళ్ళు. ఆ భయానికి, లైసెన్సుల తిప్పలకి ఆస్పత్రులు క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ తెప్పించడమే మానుకున్నాయి. 1997 నాటికి దేశం మొత్తం వాడిన మార్ఫిన్ 18 కిలోలకి పడిపోయింది, అంటే 97 శాతం తగ్గుదల. తెప్పించిన కొద్దిచోట్ల బీరువా తాళం ఇన్‌చార్జ్ సిస్టర్ కొంగుకి ఉండేది. ఖాళీ యాంప్యూల్ తెస్తేనే నిండుది ఇచ్చేవారు. గాజుకి లెక్క ఉండేది, లోపలి మందుకి ఉండేది కాదు. సగం వాడి సగం సింకులో పోస్తే అడిగేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో పనిచేసిన పెద్ద సిస్టర్లు ఇప్పటికీ అదే అంటారు: "మా టైములో ఖాళీది చూపిస్తే చాలమ్మా."

2014లో చట్టాన్ని సవరించారు. 2015 మే నెలలో కొత్త నిబంధనలు వచ్చాయి. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులని అత్యావశ్యక మత్తుమందులుగా గుర్తించారు. నాలుగైదు లైసెన్సుల బదులు రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ అధికారి గుర్తింపు ఒక్కటి చాలన్నారు. క్యాన్సర్ రోగులకి ఇది మేలు చేసిందనడంలో అనుమానం లేదు. మన గొడవకి పనికొచ్చే విషయం ఏంటంటే, ఈ నిబంధనలు బాధ్యత పెట్టింది ఆస్పత్రి మీద, ఆస్పత్రి నియమించిన డాక్టరు మీద. నైట్ డ్యూటీ సిస్టర్ మీద కాదు.

మరి ఆ బరువు సిస్టర్ మీదికి ఎలా దిగింది? నా లెక్కలో అసలు మలుపు అక్రెడిటేషన్ దగ్గర, అంటే ఆస్పత్రులకి ఇచ్చే నాణ్యత గుర్తింపు దగ్గర ఉంది. ఆ గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లో మత్తుమందుల వాడకానికి, ఇవ్వడానికి, పారబోయడానికి సరైన రికార్డు ఉండాలన్న మాట ఉంది. మంచి మాటే. ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గరా ప్రభుత్వ పథకాల దగ్గరా ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉండడంతో చిన్న ఆస్పత్రులు కూడా దాని వెంట పడ్డాయి. కన్సల్టెంట్లు తెచ్చిన రిజిస్టర్ నమూనాల్లో 'విట్‌నెస్డ్ బై' అన్న గడి వచ్చి కూర్చుంది. ఆ గడి వచ్చింది విదేశీ ఆస్పత్రుల నుంచి. అక్కడ కొన్ని చోట్ల మందుల అల్మరా తెరవడానికే కంప్యూటర్‌లో వేలిముద్ర వెయ్యాలి, మిగులు పారబోసేటప్పుడు రెండో నర్సు వచ్చి తన ఐడీతో ఒప్పుకోవాలి. మన వాళ్ళు గడి తెచ్చుకున్నారు, ఆ రెండో నర్సుని తెచ్చుకోలేదు.

ఇక్కడ నా సంగతి దాచి లాభం లేదు. ఒకప్పుడు చిత్తూరు వైపు ఒక ఆస్పత్రి ఆఫీసులో పనిచేశాను. ఆడిట్ రేపనగా, మూడు నెలల రిజిస్టర్‌లో ఖాళీగా ఉన్న సాక్షి గడులన్నీ ఒక్క సాయంత్రం టీ తాగుతూ నింపించాం. "అక్కా, ఇక్కడొకటి, ఇక్కడొకటి" అంటూ పేజీలు తిప్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఎవరూ మారుమాట అనలేదు. ఆడిట్ బాగానే జరిగింది.

అమెరికాలో కూడా కేంద్ర చట్టం ఈ విషయాన్ని పూర్తిగా బిగించలేదు. 2014లో అక్కడి డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సంస్థ, స్టాకులోని మందుని నాశనం చేయడం వేరు, పేషెంటుకి ఇచ్చాక సిరంజిలో మిగిలింది వేరు అని తేల్చింది. మిగులుకి రికార్డు ఉండాలంది కానీ, స్టాకుకి పెట్టిన ఇద్దరు సాక్షుల నియమాన్ని దానికి పెట్టలేదు. ఆ పని ఆస్పత్రుల సొంత పాలసీలు చేస్తున్నాయి. సాక్షి ఉంటే అంతా భద్రమనీ కాదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఎక్సెటర్ ఆస్పత్రిలో 2012లో బయటపడ్డ కేసే చూడండి. ఒక టెక్నీషియన్ ఫెంటనిల్ సిరంజిలు దొంగిలించి తను పొడుచుకుని, వాటిలో సెలైన్ నింపి పెట్టేవాడు. అతనికున్న హెపటైటిస్ సి అక్కడ 30 మందికి పైగా రోగులకి సోకింది. 2013లో 39 ఏళ్ళ జైలు శిక్ష పడింది. అలాంటి సిరంజిని సింకులో పోస్తుంటే పక్కన నిలబడి చూసిన మనిషికి ఏం తెలుస్తుంది?

మేనేజ్‌మెంట్ మాట కూడా రాయాలి. సంతకమంటే సంతకమేనని, చూడనిది చూశానని రాయడం తప్పుడు రికార్డేనని, రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే జవాబు చెప్పాల్సింది తామేనని వాళ్ళు అంటున్నారు. కాదనలేం.

నర్సులు చెప్పేది ఇంకొంచెం పొడుగు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఐసీయూలో ఒక బెడ్‌కి ఒక నర్సు, జనరల్ ఆస్పత్రి వార్డులో ఐదుగురు రోగులకి ఒకరు ఉండాలి. ఆ రాత్రి ఆ వార్డులో ఉన్నది ఒక్కరే. సాక్షి కోసం పై ఫ్లోర్‌కి ఫోన్ చేస్తే, అక్కడి సిస్టర్ తన పేషెంట్లని వదిలి రాలేదు. డ్యూటీ డాక్టర్ క్యాజువాలిటీలో ఉన్నాడు. సిరంజిని తెల్లారేదాకా ట్రేలో పెడితే అది ఇంకా పెద్ద తప్పు. అందుకని వార్డు సిస్టర్ పారబోసి, పొద్దున హ్యాండోవర్‌లో పై ఫ్లోర్ సిస్టర్ సంతకం తీసుకుంది. "మేం అబద్ధం రాయలేదు సార్, లేట్‌గా రాశాం" అని వాళ్ళ వాదన. ఈ పద్ధతి ఇన్‌చార్జ్‌కి తెలుసని, నెలల తరబడి ఆమె కూడా ఆ పేజీల కింద సంతకం పెట్టిందని చెబుతున్నారు. మెమో మాత్రం ఇన్‌చార్జ్‌కి వెళ్ళలేదు.

భయానికి కారణం ఇంకొకటి ఉంది. మత్తుమందుల చట్టంలో 35వ సెక్షన్ ప్రకారం నిందితుడికి నేరం చేసే ఉద్దేశం ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. లేదని అతనే రుజువు చేసుకోవాలి. తక్కువ శిక్ష పడేందుకు ఫెంటనిల్‌కి చట్టం చెప్పే 'చిన్న పరిమాణం' 5 మిల్లీగ్రాములు, అంటే ఇలాంటి యాంప్యూల్స్ 50. అర యాంప్యూల్ మిగులు దాని దరిదాపుల్లో కూడా లేదు. అయినా పుత్తూరు నుంచో పలమనేరు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటూ, జర్మనీకో గల్ఫ్‌కో పోవాలని లాంగ్వేజ్ క్లాసులకి ఫీజు కట్టుకునే అమ్మాయికి ఆ పోలిక ధైర్యం ఇవ్వదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద ఒక చెడ్డ మాట పడితే చాలు. టెన్షన్ అంతా దానికే.

ఎక్కడ పారబోయాలన్నదీ తేలలేదు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు పనికిరాని మందుని పసుపు సంచిలో, గాజుని నీలం డబ్బాలో వెయ్యమంటాయి. కేంద్ర డ్రగ్ నియంత్రణ సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు ఫెంటనిల్, మార్ఫిన్, ట్రమడాల్‌తో కలిపి 17 మందుల్ని ఫ్లష్ చేసేయమంటాయి. అది ముఖ్యంగా ఇళ్ళలో మిగిలిన మందులు ఎవరి చేతికో చిక్కకుండా చెప్పిన మాట. నీలం డబ్బాలోకి పోవాల్సిన ఖాళీ యాంప్యూల్‌ని స్టోర్ వాళ్ళు పాత అలవాటు కొద్దీ వెనక్కి అడుగుతారు. ఒక్కో ఆడిటర్ ఒక్కో మాట చెప్పి పోతాడు.

నర్సులు అడుగుతున్నది ఒకటే: మందు ఇమ్మని రాసిన డాక్టరే మిగులుకి సాక్షిగా ఉండాలి. రాత్రిపూట డాక్టర్లని అంతసేపు ఆపలేమని ఆస్పత్రి అంటోంది. మెమోకి జవాబివ్వడానికి వారం గడువు ఇచ్చారు. ఈలోగా సింకు పైన ఒక కెమెరా బిగించారు. వచ్చే నెల డ్యూటీ లిస్టు కూడా వచ్చింది. ఆ వార్డుకి నైట్‌లో ఎప్పటిలాగే ఒక్కరినే వేశారు.