పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చినా డబ్బు పడలేదా? ఆడపిల్లల చదువు సాయంపై అపోహలు – వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌లో చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు పడే రోజుల్లో గ్రామ సచివాలయం దగ్గర ఒకటే మాట: ‘ఆధార్ లింకు చేయించాను, పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చాను, అయినా పడలేదు.’ కాసేపటికి రెండో మాట: ‘ఈ ఏడాదికి పిల్లని ఇంట్లోనే ఉంచేద్దామనుకుంటున్నాం.’ భయపడాల్సింది ఈ రెండో మాటకే. ఇంట్లో డబ్బు ఆగితే మొదట చదువు ఆగేది ఆడపిల్లకే. తమ్ముణ్ని మాత్రం ఎలాగోలా పంపిస్తారు.

అపోహ: నేను జిరాక్సు ఇచ్చిన ఖాతాలోనే డబ్బు పడుతుంది.

కాదు. ఎక్కువ మందిని ముంచుతున్నది ఈ నమ్మకమే. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బుకు ఖాతా నంబరుతో పనిలేదు. ప్రభుత్వం పంపేది తల్లి ఆధార్ నంబరుకు. ఆ నంబరు ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపర్ అనే జాబితా చెబుతుంది. అందులో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, ఆఖరున ఎక్కించిందే చెల్లుతుంది.

బ్యాంకులో కేవైసీకి, అంటే ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణకు, ఆధార్ ఇవ్వడం వేరు, ఈ మ్యాపింగ్ వేరు. కౌంటర్లో ‘లింకు అయిందమ్మా’ అంటే చాలాసార్లు కేవైసీ అయిందనే అర్థం. మ్యాపింగేమో ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాకో, ఉపాధి హామీ కూలి కోసం తెరిచిన పోస్టాఫీసు ఖాతాకో ఉండిపోతుంది. ఆ తల్లి డబ్బు రాలేదని ఏడుస్తుంటే, డబ్బు ఆమెకు గుర్తే లేని ఖాతాలో పడి ఉంటుంది.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో *99*99*1# కొట్టి, ఆధార్ నంబరు వేసి, సరే అని నొక్కితే లింకు వివరం వస్తుంది. ఒక్కోసారి ఈ నంబరు పలకదు. అప్పుడు మై ఆధార్ వెబ్‌సైట్లో ఓటీపీతో లోపలికెళ్లి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి (సీడింగ్ అంటే ఆధార్‌ను బ్యాంకుతో ముడిపెట్టడం). బ్యాంకు పేరు, యాక్టివ్ అవునా కాదా, ఎప్పుడు ఎక్కించారో కనిపిస్తాయి.

మీ బ్యాంకు పేరే ఉండి యాక్టివ్ అని వస్తే పాసుపుస్తకం ప్రింట్ వేయించండి. అదే బ్యాంకులో రెండు ఖాతాలుంటే రెండూ చూడండి. వేరే బ్యాంకు పేరు వస్తే ముందు అక్కడికే వెళ్లండి, డబ్బు అక్కడ ఉండొచ్చు. తర్వాత మీకు కావలసిన బ్యాంకులో ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం నింపండి. అందులో ‘వేరే బ్యాంకు నుంచి మార్చాలి’ అన్న గడిలో టిక్కు పెట్టి, పాత బ్యాంకు పేరు రాయండి. చాలామంది ఈ గడి వదిలేస్తారు, పని అక్కడే ఆగుతుంది. రసీదు తీసుకుని, కొన్ని రోజులాగి మళ్లీ స్టేటస్ చూడండి. స్టేటస్ మారేదాకా పని అయినట్టు కాదు.

ఓటీపీ హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉన్న భర్త ఫోన్‌కు వెళ్తుంటే ఆధార్‌లో నంబరు మార్పించుకోండి. పాత సిమ్ అక్కర్లేదు, ఆధార్ కేంద్రంలో వేలిముద్ర చాలు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ కూడా ఈ పని చేస్తారు.

అపోహ: ఇంటికి ఒక్క బిడ్డకే.

అది అంతకుముందున్న అమ్మ ఒడి పథకం నాటి నిబంధన. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే అర్హులైన పిల్లలందరికీ వర్తిస్తుంది. ఒక్కొక్కరికి 15,000. అందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. రెండు వేలు ఎవరో కాజేశారన్న వాట్సాప్ కబురు నమ్మకండి. 75 శాతం హాజరు మాత్రం తప్పనిసరి.

అపోహ: స్కాలర్‌షిప్ కూడా అమ్మ ఖాతాకే వస్తుంది.

ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రతిభా స్కాలర్‌షిప్ అలా కాదు. ఎనిమిదో తరగతిలో పరీక్ష నెగ్గిన పిల్లకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000. అది పిల్ల ఆధార్‌తో సీడింగ్ అయిన ఖాతాకే వెళ్తుంది. ప్రతి ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యూవల్ చేయాలి, తర్వాత బడి వాళ్లు లాగిన్‌లో వెరిఫై చేయాలి. మీరు అప్లై చేసినా అది బడి లాగిన్‌లోనే పడి ఉంటే రూపాయి రాదు. వారానికోసారి హెడ్‌మాస్టర్ గారిని అడగడానికి మొహమాటపడకండి. పిల్లకు 15 దాటాక వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాలి. 17 లోపు చేయిస్తే ఉచితం.

అపోహ: కరెంటు మీటరు 300 యూనిట్లు దాటింది, తల్లికి వందనం రాదన్నారు, ఇక చేసేదేం లేదు.

అద్దె ఇంటి మీటరుకు మీ ఆధార్ ఎక్కి ఉందేమో విద్యుత్ శాఖలో అడగండి. భర్త వదిలేసినా అత్తింటి కుటుంబం లెక్కలోనే ఉండిపోయిన తల్లులకు ఇంకో చిక్కు: ఆ ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే తిరస్కరణే. కారణం ఏమని చూపిస్తోందో సచివాలయంలో చదివించుకుని, దాని మీదే అర్జీ పెట్టండి. ఊరికే ‘రాలేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: టీసీ లేకపోతే బడిలో చేర్చుకోరు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వలస వెళ్లొచ్చిన పిల్లలకు అసలు అడ్డంకి వేరే ఉంది. బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో, వెళ్లిపోయిన పిల్లను పాత బడి ‘డ్రాప్‌బాక్స్’ అనే జాబితాలో పెడుతుంది. కొత్త బడి పెన్ నంబరుతో ఆమెను అక్కణ్నుంచి తీసుకోవాలి. అది జరగకపోతే పిల్ల రోజూ తరగతిలో కూర్చున్నా లెక్కల్లో ఉండదు, హాజరు పడదు, డబ్బూ రాదు. పెన్ అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే 11 అంకెల శాశ్వత నంబరు. వలస వెళ్లే ముందే పాత బడిలో అడిగి నోటుబుక్కు అట్ట లోపల రాయించుకోండి.

‘డబ్బు రావాలంటే ఈ యాప్ వేసుకోండి’ అని వచ్చే ఏపీకే (ఫోన్‌లో నేరుగా యాప్ ఎక్కించే ఫైలు) లింకులు మోసం. నొక్కి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బడి మాన్పించి పెళ్లి చేస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ కాల్ పిల్లే చేయొచ్చు, పక్కింటివాళ్లూ చేయొచ్చు.