థియేటర్ ముందా, డిష్ ముందా: ‘విశ్వరూపం’ నుంచి తెగని పంచాయతీ

థియేటర్లో ఆడిన సినిమా ఎన్ని వారాలకు ఓటీటీలోకి రావాలన్న పంచాయతీ మళ్లీ మొదటికొచ్చింది. నాలుగు వారాలు చాలంటారు నిర్మాతలు. ఎనిమిది వారాలకు ఒప్పుకుంటేనే బొమ్మ వేస్తామంటాయి హిందీ మార్కెట్‌లోని మల్టీప్లెక్సులు. ఈ గొడవ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘విశ్వరూపం’ పేరెత్తుతారు. కానీ ఆ సినిమా అనగానే జనానికి గుర్తొచ్చేది తమిళనాడు ప్రభుత్వ నిషేధం, దేశం వదిలి వెళ్లిపోతానన్న కమల్ హాసన్ ప్రెస్‌మీట్. ఆ రెండూ 2013 జనవరి చివర్లో జరిగాయి. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే అక్కణ్నుంచి ఒక నెల వెనక్కి వెళ్లాలి.

సినిమా తయారీ కథ చాలామందికి తెలిసిందే. దర్శకుడిగా మొదట సెల్వరాఘవన్ పేరు ప్రకటించారు, నాయికగా సోనాక్షి సిన్హా పేరు వినిపించింది. చివరికి కమలే దర్శకత్వం చేశారు, పూజా కుమార్ వచ్చారు. న్యూయార్క్‌లో కథక్ నేర్పే మెతక మనిషి నిజానికి భారత గూఢచారి సంస్థ ‘రా’ ఏజెంటు అన్నది కథ. నిర్మాతల్లో మన పొట్లూరి వరప్రసాద్ కూడా ఉన్నారు. ఖర్చు 95 కోట్ల దాకా అయిందని అప్పుడు రాశారు. ఇల్లూ ఆస్తులూ తాకట్టు పెట్టానని కమలే తర్వాత చెప్పారు. తాకట్టు సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటి వెనకా అదే ఉంది.

2012 డిసెంబర్‌లో కమల్ ఒక ప్రకటన చేశారు. సినిమా జనవరి 11న, అంటే పొంగల్ వారంలో, విడుదల. దానికి కొన్ని గంటల ముందు, 10వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు, డీటీహెచ్‌లో, అంటే ఇంటి మీద డిష్ పెట్టుకుని చూసే టీవీలో, ఒకే ఒక్క ఆట. దేశంలోని పెద్ద డీటీహెచ్ కంపెనీలన్నీ చేతులు కలిపాయి. రేటు 1,000 రూపాయలు. థియేటర్ కంటే ముందు ఇంటి టీవీలో కొత్త సినిమా వేయాలని ఇంత పెద్ద స్టార్ ఎవరూ అంతకు ముందు ప్రయత్నించలేదు.

కమల్ వాదన సూటిగానే ఉంది. థియేటర్‌కు వెళ్లలేనివాళ్లు, వెళ్లడం మానేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లను కొత్తగా సినిమాకు తెస్తున్నాను, థియేటర్ ప్రేక్షకుడు థియేటర్‌కే వస్తాడు అన్నారు. ఎలాగూ పైరసీ సీడీ చూసేవాడి దగ్గర నుంచి డబ్బు రాబట్టే దారి ఇదొక్కటే అన్నారు. పత్రికలు, ముఖ్యంగా ఇంగ్లిష్ పత్రికలు, ఈ వాదనను నెత్తిన పెట్టుకున్నాయి. దార్శనికుడన్నారు.

అవతలివాళ్ల మాటకు అంత చోటు దొరకలేదు. తమిళనాడు థియేటర్ యజమానుల సంఘం తరఫున అభిరామి రామనాథన్ వంటివాళ్లు మాట్లాడితే, కాలం మారుతున్నా మారని వ్యాపారులని రాసేశారు. కానీ వాళ్లు చెప్పింది ఒకసారి లెక్కేసి చూడండి. అప్పట్లో చెన్నై మల్టీప్లెక్స్‌లో టికెట్ గరిష్ఠ ధర 120 రూపాయలు, ఊళ్లలో అంతకంటే తక్కువ. ఒక ఇంట్లో వెయ్యి రూపాయలు కడితే, తొమ్మిదో మనిషి కూర్చున్నప్పటి నుంచి థియేటర్‌కు నష్టం. పొంగల్ సెలవులకు చుట్టాలు దిగిన ఇంట్లో టీవీ ముందు తొమ్మిది మంది కూర్చోవడం పెద్ద విషయమేం కాదు. ఒక కనెక్షన్ పెట్టుకుని కల్యాణ మండపంలోనో, టీ కొట్టులోనో పెద్ద టీవీలో వేసుకుంటే అడిగేవాడెవడు? లోకల్ కేబుల్ ఆపరేటర్ ఆ సిగ్నల్‌ను ఊరంతా వదలడని ఎవరు హామీ ఇస్తారు? రికార్డు చేయడం కుదరదని కంపెనీలు చెప్పాయి గానీ, టీవీ ముందు కెమెరా పెడితే కుదరకపోవడం ఏముంది?

ఇంకో సంగతి ఉంది. సింగిల్ స్క్రీన్ యజమానికి ఏడాదంతా ఒకే రకంగా సాగదు. మామూలు వారాల్లో కరెంటు బిల్లుకు, స్టాఫ్ జీతాలకు సరిపోతే చాలనుకుంటాడు. పండగ వారంలో పెద్ద హీరో సినిమా పడితే, శుక్ర శని ఆదివారాల హౌస్‌ఫుల్ బోర్డుతో, క్యాంటీన్‌తో, పార్కింగ్‌తో ఆ లోటు పూడ్చుకుంటాడు. కమల్ గురువారం రాత్రి ఆట అంటే, ఆ మూడు రోజుల్లో మొదటి రోజు తెల్లారేసరికే టాక్ బయటికి వచ్చేస్తుంది. బాగుందంటే ఫర్వాలేదు. బాగోలేదంటే మార్నింగ్ షోకే సీట్లు ఖాళీ. ఆ రిస్కంతా థియేటర్‌వాడిది, వెయ్యి రూపాయలు మాత్రం డిష్‌వాళ్లూ నిర్మాతా పంచుకుంటారు.

డీటీహెచ్‌లో ముందు వస్తే థియేటర్లు ఇవ్వమని యజమానులు తేల్చిచెప్పారు. బెదిరింపు అనండి, బహిష్కరణ అనండి. వ్యాపారంలో పోటీకి అడ్డుపడేవాళ్ల పని పట్టే కాంపిటీషన్ కమిషన్‌కు కమల్ ఫిర్యాదు చేశారు. అందరూ కలిసి ఒకరి సరుకు అమ్మబోమనడం చట్టం దృష్టిలో చిక్కే, అందులో అనుమానం లేదు. అయితే చట్టం తేల్చేదాకా పొంగల్ ఆగదు.

అసలు మలుపు ఇక్కడ ఉంది. జనవరి రెండో వారం వచ్చేసరికి కమల్ దిగొచ్చారు. జనవరి 11 విడుదల వాయిదా. 25న ముందు థియేటర్లలో, ఫిబ్రవరి 2న డీటీహెచ్‌లో. ‘కొన్ని గంటల ముందు’ కాస్తా ‘ఎనిమిది రోజుల తర్వాత’ అయింది. ఇద్దరూ గెలిచామని చెప్పుకున్నారు. నా లెక్కలో, దక్షిణాదిలో ఒక పెద్ద సినిమాకు థియేటర్‌కూ ఇంటి తెరకూ మధ్య ఎన్ని రోజులన్నది బేరమాడి తేల్చుకున్న తొలి సందర్భం అదే. ఆ ఎనిమిది రోజులకు ఏ లెక్కా లేదు, ఏ సూత్రమూ లేదు. ఎవరు ఎంత లాగగలిగితే అంత. ఇవాళ నాలుగు, ఆరు, ఎనిమిది వారాల అంకెలు కూడా అలా లాక్కుంటున్నవే.

మన దగ్గర ఆ పండక్కి ‘నాయక్’, ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ ఉన్నాయి కాబట్టి తెలుగు ‘విశ్వరూపం’ వాయిదా పడిందని ఇక్కడి థియేటర్లు పెద్దగా బాధపడలేదు. తమిళనాడులో మాత్రం పండగ సీజన్‌లోంచి ఆ సినిమా జారిపోయింది.

ఆ వాయిదా రెండు వారాల్లోనే మిగతా గొడవ మొదలైంది. జనవరి 21న ముస్లిం సంఘాల నాయకులకు కమల్ సినిమా చూపించారు. ముస్లింలను చెడుగా చూపించారని వాళ్లు అభ్యంతరం చెప్పారు. 23న జయలలిత ప్రభుత్వం రెండు వారాల పాటు ప్రదర్శన ఆపేసింది, కలెక్టర్లు 144 సెక్షన్ కింద ఉత్తర్వులిచ్చారు. సెన్సార్ సర్టిఫికెట్ ఉన్న సినిమా అది. తెలుగు వెర్షన్‌ను 25నే విడుదల చేశారు, కేరళలోనూ వచ్చింది. కోయంబత్తూరు అభిమానులు పక్కనే ఉన్న పాలక్కాడ్ వెళ్లి చూసొచ్చారు. మద్రాస్ హైకోర్టులో జస్టిస్ వెంకటరామన్ సినిమా చూసి, 29వ తేదీ రాత్రి నిషేధం ఎత్తేశారు. మర్నాడే డివిజన్ బెంచ్ ఆ తీర్పును ఆపింది. అదే రోజు కమల్ తన ఇంట్లో ప్రెస్‌మీట్ పెట్టి, దేశం వదిలి వెళ్లిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌లా తానూ వెళ్లిపోవాల్సి వస్తుందేమో అన్నారు.

31న జయలలిత జవాబిచ్చారు. 524 థియేటర్ల దగ్గర పోలీసులను పెట్టడం సాధ్యం కాదన్నారు. తన పార్టీ ఛానల్‌గా పేరున్న జయ టీవీకి శాటిలైట్ హక్కులు దక్కలేదన్న కోపంతోనే ఇదంతా అన్న ప్రచారాన్ని కొట్టిపారేశారు. పంచె కట్టిన తమిళుడు ప్రధాని కావాలని కమల్ అంతకు ముందు అప్పటి కేంద్ర మంత్రి చిదంబరం ఉన్న సభలో అనడం వల్లే ఆమెకు మండిందన్న మాట కూడా వినిపించింది. ప్రధానిని ఎన్నుకునేది కమల్ కాదని ఆమె చురక వేశారు. ఏది నిజమైనా, ఫిబ్రవరి 2న ముస్లిం సంఘాలతో రాజీ కుదిరింది. ఏడు చోట్ల మార్పులకు కమల్ ఒప్పుకున్నారు. 7న తమిళనాడులో బొమ్మ పడింది, జనం విరగబడ్డారు. ఆ 2వ తేదీ డీటీహెచ్ ఆట మాత్రం జరగలేదు.

జనవరి 11నే థియేటర్లతో గొడవ లేకుండా వచ్చి ఉంటే ఈ రాజకీయానికి సమయమే దొరికేది కాదన్నది కమల్ అభిమానుల బాధ. నిజం కావచ్చు. కానీ దానికి థియేటర్‌వాళ్లను తిట్టడం ఎంతవరకు న్యాయం? పండగ తేదీ ప్రకటించి, అదే పండగ సొమ్ముకు గండి కొట్టే పథకం పెట్టింది వాళ్లు కాదు కదా.

డీటీహెచ్ ఆలోచన అక్కడితో చావలేదు, రూపం మార్చుకుంది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి లాక్‌డౌన్‌లో, సూర్య నిర్మించిన ‘పొన్‌మగళ్ వందాళ్’ నేరుగా అమెజాన్ ప్రైమ్‌లోకి వస్తుందనగానే తమిళ థియేటర్లు ఆయన సినిమాలు వేయమన్నాయి. 2021లో నాని ‘టక్ జగదీష్’ ప్రైమ్‌కు వెళ్లినప్పుడు తెలంగాణ ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, ఆయన మీద విరుచుకుపడి, తర్వాత విచారం చెప్పుకున్నారు. అదే ఏడాది సల్మాన్ ఖాన్ ‘రాధే’ దాదాపు కమల్ పథకమే అమలు చేసింది: 249 రూపాయలకు ఇంట్లో, అదే రోజు తెరిచి ఉన్న థియేటర్లలో. గంటల్లో పైరసీ కాపీలు ఫోన్లలో తిరిగాయి. అభిరామి రామనాథన్ వర్గం 2012లో చెప్పింది ఇదే, కాకపోతే అప్పుడు ఫోన్ల బదులు సీడీలు.

2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ కూర్చుని, పెద్ద సినిమాలకు ఎనిమిది వారాల గడువు అనుకున్నారు. ఆ మాట ఎంతమంది నిలబెట్టుకున్నారో ప్రేక్షకుడికి తెలుసు. 2025లో మన ఎగ్జిబిటర్లు అద్దె వద్దు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండంటూ జూన్ 1 నుంచి థియేటర్లు మూస్తామని వెనక్కి తగ్గిన గొడవకూ మూలం దగ్గరలోనే ఉంది. నాలుగో వారానికి ఫోన్లో వస్తుందని తెలిసిన సినిమాకు జనం రెండో వారంలోనే రావడం మానేస్తే, అద్దె ఇచ్చినా క్యాంటీన్ నడవదు.

మరి కమల్? 2022లో ఆయన సొంత బ్యానర్ ‘విక్రమ్’, అదీ గూఢచారి కథే, జూన్ 3న థియేటర్లలో వచ్చి జూలై 8న హాట్‌స్టార్‌లో దిగింది. ఐదు వారాలు. 2025లో ‘థగ్ లైఫ్’ ముందు ఆయనే మైకు పట్టుకుని ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వం, పరిశ్రమ ఆరోగ్యానికి ఇదే మంచిదన్నారు. పన్నెండేళ్ల కింద థియేటర్ యజమానులు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన మాటే అది. సినిమా జూన్ 5న విడుదలైంది, ఆడలేదు. జూలై 3న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, సరిగ్గా నాలుగు వారాలకు.